కలివికోడి: అనంతపురంలో 1900 నాటి ఒక నమోదు

వేరుశనగ పీకే రోజుల్లో, అంటే అక్టోబరు, నవంబరు నెలల్లో, అనంతపురం మెట్ట నేలల మీదికి ఉత్తరాది వలస పక్షులు దిగుతాయి. కజకిస్థాన్ గడ్డిమైదానాల్లో పిల్లలను పెంచిన హారియర్ గద్దలు చేలగట్ల మీదుగా తక్కువ ఎత్తులో తిరుగుతాయి. జొన్నచేలలో గులాబీ గోరువంకలు గుంపులుగా వాలతాయి. ఇవి వస్తాయని ఇక్కడి రైతులకు తరతరాలుగా తెలుసు. అయితే చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు. ఒక పక్షి ఫలానా చోట ఉండేదని, ఆ తర్వాత లేకుండా పోయిందని మనం ఏ ఆధారంతో చెబుతున్నాం?

వలస పక్షుల విషయంలో బలమైన ఆధారం కాలి ఉంగరం. 1899లో డెన్మార్క్ ఉపాధ్యాయుడు మార్టెన్‌సెన్ గోరువంక జాతి పక్షులకు సంఖ్య, చిరునామా చెక్కిన అల్యూమినియం ఉంగరాలు తొడిగాడు. 1909లో బ్రిటన్‌లో రెండు ఉంగరాల పథకాలు మొదలయ్యాయి. ఒకటి ఇంగ్లండ్‌లో విదర్బీది, మరొకటి స్కాట్లాండ్‌లోని అబర్డీన్ విశ్వవిద్యాలయంలో లాండ్స్‌బరో థాంప్సన్‌ది. మన దేశంలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ ఈ పనిని 1927లో ప్రారంభించినా, అది పెద్ద ఎత్తున సాగింది 1959 నుంచే. అంతకు రెండేళ్ల ముందు కర్ణాటకలోని షిమోగా ప్రాంతంలో క్యాసనూరు అటవీ జ్వరం బయటపడింది. పక్షుల వెంట వచ్చే పిడుదుల ద్వారా ఈ జబ్బు చేరిందా అన్న అనుమానంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం చేయగా, సలీం అలీ నాయకత్వంలో వేలాది పక్షులకు ఉంగరాలు వేశారు. పక్షుల మీద ప్రేమకు దొరకని డబ్బు జ్వరభయానికి దొరికిందన్నమాట.

ఉంగరం వేయాలంటే ముందు పక్షి చిక్కాలి. చిక్కని పక్షికి చూసినవారి మాటే ఆధారం. అలాంటిదే కలివికోడి. కలివి వంటి ముళ్లపొదల మధ్య బతికే ఈ పక్షి రొమ్ము మీద రెండు అడ్డపట్టీలు ఉంటాయి. మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డాన్ దీనిని వెలుగులోకి తేగా, 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రీయంగా వర్ణించాడు. ఆంగ్లంలో అది జెర్డాన్ పేరుతోనే ఉంది. 1900లో లండన్ మిషనరీ సొసైటీకి చెందిన హొవార్డ్ క్యాంప్‌బెల్ అనంతపురం దగ్గర దీనిని చూసినట్లు నమోదు చేశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఎవరూ చూసినట్లు నమోదు లేదు. వెదికినవారికి కనబడలేదు. పక్షి అంతరించిందనే చాలామంది నిర్ణయించుకున్నారు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి. వెదికింది ఎప్పుడు? ఎక్కువగా పగటిపూట. కలివికోడి తిరిగేది రాత్రి. ఎవరిని అడిగారు? అడవిలో రాత్రుళ్లు తిరిగే వేటగాళ్లను అడగడం 1980ల దాకా గట్టిగా జరగలేదు. అప్పుడు బాంబే సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ కడప జిల్లాలో పల్లెలు తిరిగి స్థానికులను విచారించాడు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లె దగ్గర ఒక స్థానికుడు రాత్రివేళ టార్చి వెలుగులో ఈ పక్షిని ప్రాణంతో పట్టుకున్నాడు. అనంతపురం మీదుగా పారే పెన్నానదే దిగువన సిద్ధవటాన్నీ తాకుతుంది. దొరికిన పక్షి మాత్రం కొద్ది రోజులకే చనిపోయింది. ఉనికికి రుజువు దొరికిన సంతోషంలో ఈ సంగతిని మనం తరచు దాటేస్తాం.

1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. 2000 తర్వాతి పరిశోధకులు పక్షిని పట్టుకోవడం మాని, పొదల మధ్య మెత్తని మట్టిని పట్టీలుగా పరిచి ఉదయాన్నే అడుగుజాడలు చూశారు. దాని కూతను రికార్డు చేసి వినిపించి బదులు కోసం ఎదురుచూశారు. 2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ పనులు ఈ పొదల్లోకి వచ్చాయి. వివాదం నడిచి, చివరకు కాలువ మార్గం మార్చారు. సీమలో కాలువ నీళ్లంటే ఏమిటో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. అందుకే పక్షి కోసం కాలువ మళ్లించడమా అన్న కోపాన్ని అజ్ఞానం అని కొట్టిపారేయలేం.

1900 నాటి నమోదుకు మరో కొసరు ఉంది. హిందూపురానికి ఆగ్నేయంగా ఉన్న కోలారు బంగారు గనుల ప్రాంతంలో పశువైద్యుడిగా పనిచేసిన ఎర్నెస్ట్ మీటన్ సేకరించిన గుడ్లలో ఒకటి 2013లో బయటపడింది. అది 1917 నాటిది. జన్యుపరీక్షలో కలివికోడి గుడ్డేనని తేలింది. అంటే ‘చివరి చూపు’ తర్వాత 17 ఏళ్లకు కూడా ఆ పక్షి ఈ చుట్టుపక్కల గుడ్లు పెడుతూనే ఉంది. గుడ్డు దొరికింది అబర్డీన్ విశ్వవిద్యాలయపు మ్యూజియంలో, 1909లో పక్షుల కాళ్లకు ఉంగరాలు వేయడం మొదలుపెట్టిన అదే విశ్వవిద్యాలయంలో.