ఫలక్‌నుమా: రాజసౌధం నుండి అతిథిగృహం వరకు

చార్మినారుకు దక్షిణాన గుట్టపై వెలసిన ఫలక్‌నుమా సౌధానికి పాయిగా వంశీయుడైన సర్ వికారుల్ ఉమ్రా 1884లో శంకుస్థాపన చేశారు. నిర్మాణ వ్యయం ఆయనను అప్పులపాలు చేయగా, కొన్నేళ్లకే అది ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వశమయింది. 1911లో ఆయన అక్కడే కన్నుమూశారు. తదుపరి రాజ అతిథులకు విడిదియై, క్రమేణా మూతపడింది.

తాజ్ సంస్థ దానిని కౌలుకు తీసుకొనగా, యువరాణి ఎస్రా పర్యవేక్షణలో దీర్ఘకాలం పునరుద్ధరణ సాగి, 2010లో విలాసవంతమైన హోటలుగా తెరుచుకుంది. 101 మంది కూర్చునే భోజనపు బల్ల, గ్రంథాలయం నేటికీ నిలిచి ఉన్నాయి.

శిథిలం కావలసిన సౌధాన్ని ఆతిథ్యమే నిలబెట్టింది. అయితే గుట్ట దిగువనున్న పాతబస్తీ సామాన్యునికి అందులో ప్రవేశం వెలతో ముడిపడినదే. కట్టడాన్ని కాపాడుట వారసత్వ రక్షణలో సగభాగం. ప్రజలకు చేరువ చేయుట మిగిలిన సగం.