ఫ్లోరిను, లోహములు, మన బావినీరు



బీచుపల్లి రేవున కృష్ణలో స్నానమాడి, ఆంజనేయస్వామిని సేవించి మరలునపుడెల్ల నా పాత బడిపిల్లలు జ్ఞప్తికి వత్తురు. ఏటియొడ్డు బాలుర పలువరుస తెల్లగా నుండెడిది. మెట్టయూళ్లనుండి వచ్చు కొందరి పండ్లపై పసుపుచారలు కనబడెడివి. పండ్లు తోముకొనరాదా యని వారిని గద్దించితిని. ఆ తెలివితక్కువకు నేడు సిగ్గుపడుచున్నాను. ఆ చారలకు మూలము ఫ్లోరిను.

ఇది మహోగ్రమైన వాయువు. దీనిని విడదీయబోయి ఐరోపాలో కొందరు పండితులు ప్రాణములు గోల్పోయిరి. తుదకు 1886లో పారిసునగరమున హెన్రీ మొయిస్సాను ప్లాటినపు పాత్రలో విద్యుత్తును పారించి దానిని సాధించెను. 1906లో నోబెలు బహుమానము వడసెను. ఫ్లోరిను లోహముల నెల్ల బట్టునుగాని, అన్నిటితోడి పట్టు నొక్కరీతి గాదు. కోబాల్టు ఫ్లోరైడును బాగుగా వేడిచేసి దానిపై ఫ్లోరినును పోనిచ్చినయెడల లేత మట్టివన్నె పొడి యేర్పడును. అందు కోబాల్టు మూడుపాళ్ల ఫ్లోరినును మోయును. అందొక పాలును పరులకు సులువుగా నిచ్చివేయును. కనుకనే 1940 దశకపు యుద్ధకాలమున అమెరికా రసాయనికులు ఇతర పదార్థములకు ఫ్లోరినును చేర్చుటకు దీనిని వాడిరి. సున్నములోని కాల్షియము అట్టి దాత గాదు, పట్టినది విడువదు. మన యెముకయు, పన్నును ఆ కాల్షియముతో గట్టినవే గదా!

గ్రానైటు నేలలలో ఫ్లోరైడు రాతినుండి నీట గరగును. 1937లో నాటి నెల్లూరు జిల్లాలో షార్టు దొరయు, సహచరులును నడుము వంగి కీళ్లు బిగిసిన వారిని పరీక్షించి, దోషము త్రాగునీటిదే యని ప్రకటించిరి. నా చిన్ననాట అట్టివారిని జూచి మేము వాతమనుకొంటిమి. నల్లగొండ జిల్లాలో ఈ బాధ మిక్కుటముగా నుండెను.

లీటరునకు 1.5 మిల్లీగ్రాములు ప్రపంచ ఆరోగ్యసంస్థ పెట్టిన హద్దు. కాచినచో ఫ్లోరైడు పోదు. నీరిగిరి యింకను చిక్కబడును. నాగపూరునందలి జాతీయ పర్యావరణ ఇంజనీరింగు పరిశోధన సంస్థవారు 1970 దశకమున వెలయించిన పద్ధతికి నల్లగొండ పేరే నిలిచినది. సున్నము, పటిక, బ్లీచింగు పొడి నీట గలిపి, కలియబెట్టి, తేరనిత్తురు. పటికలోని అల్యూమినియము ఫ్లోరైడును బట్టుకొని మడ్డిగా అడుగునకు దిగును. పాళ్లు తప్పినచో ఫలము లేదు. ఆ మడ్డిని బావిచెంత పారబోయరాదు.

2016లో ఆరంభమైన మిషన్ భగీరథ నదీజలము నిండ్లకు దెచ్చినది. అయినను కుళాయి రాని దినమున బోరునీటికి బోవువారు కలరు. పరీక్ష చేయింపక ఆ నీరు పసిపిల్లలకు త్రాగనీయకుడు. ఒకమారు వంగిన యెముకను మరల నిలుపు మందు లేదు.