మాహిష్మతి మోజులో మరుగైన విధికుడు

ఈ భాగంలో ఒక రాజధాని కథ చెప్పుకుందాం.

2017 సెప్టెంబర్ గుర్తుందా? ‘బాహుబలి’ రెండో భాగం వచ్చి అప్పటికి అయిదు నెలలు. అమరావతిలో కట్టబోయే అసెంబ్లీ, హైకోర్టు డిజైన్లపై దర్శకుడు రాజమౌళి సలహాలు తీసుకోమని నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు అధికారులకు చెప్పారు. ఇంకేముంది, ఛానెళ్లకు పూనకం వచ్చింది. లండన్ ఆర్కిటెక్ట్ నార్మన్ ఫోస్టర్ సంస్థ గీసిన నమూనాల పక్కన మాహిష్మతి సెట్టింగు తెచ్చిపెట్టి గంటలకొద్దీ చర్చలు. చివరికి నేను కన్సల్టెంటునూ కాదు, డిజైనరునూ కాదు అని రాజమౌళే చెప్పుకోవాల్సి వచ్చింది. సినిమావాడికి తెలిసిన తేడా వార్తలవాళ్లకు తెలియలేదు!

సరే, మాహిష్మతే నమూనా అనుకుందాం. అక్కడ ఓటుందా? రాజమాత ఏమంటే అదే తీర్పు. కట్టప్ప తరతరాలుగా సింహాసనానికి బానిస. కాలకేయులు నల్లగా, అర్థంకాని భాషతో, చావడానికే పుట్టినట్టుంటారు. అలాంటి ఊరి నుంచి మన హైకోర్టుకు డిజైనా? ఈ మాట ఏ యాంకరైనా అడగగా నేను చూడలేదు. కల్పన మీద నాకు కోపం లేదు. కల్పనను ఇంటి ప్లానులా చదివిన వార్తలను చూస్తేనే నవ్వొస్తుంది.

అమరావతికి సొంత చరిత్ర కరువైందా? 1797లో కాలిన్ మెకంజీ ఇక్కడి దిబ్బను చూశాడు. ఆ ధాన్యకటక మహాచైత్యం శిల్పాలు నేడు లండన్, చెన్నై మ్యూజియాల్లో ఉన్నాయి. వాటి మీది దానశాసనాల్లో వర్తకులున్నారు, భిక్షుణులున్నారు, గృహిణులున్నారు. ఒక శాసనంలో ఉపాధ్యాయుడైన నాగుడి కొడుకు, చర్మకారుడు విధికుడు ఉన్నాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, బిడ్డలతో కలిసి పూర్ణఘటం చెక్కిన రాతిపలకను చైత్యానికి దానమిచ్చాడు. తండ్రి చదువు, కొడుకు తోలుపని, రెండూ ఒకే శాసనంలో ఏ సిగ్గూ లేకుండా ఉన్నాయి.

2018 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ తన కొత్త అధికారిక చిహ్నంగా తీసుకున్నది ఆ పూర్ణఘటాన్నే. ఒక చర్మకారుడి కానుక ప్రభుత్వ ముద్ర అయింది. దీని మీద ఎన్ని గంటల చర్చ విన్నారు మీరు?

అదే నేల మీద రాజధానికి దాదాపు 33 వేల ఎకరాలు సమీకరించారు. 2016 నాటి జీవో 41లో అసైన్డ్ భూములకు పట్టా భూముల కంటే తక్కువ ప్లాట్లు రాశారు. ఆ అసైన్డ్ రైతుల్లో ఎక్కువమంది మనవాళ్లే. భూమిలేని కూలీ కుటుంబానికి నెలకు 2,500 రూపాయలు అన్నారు. వార్త ఇక్కడుంది. కెమెరా మాహిష్మతిలో ఉంది.

మొన్న క్లాసులో అడిగాను. బాహుబలిని కట్టప్ప ఎందుకు చంపాడో అందరూ చెప్పారు. విధికుడెవరో ఒక్కరూ చెప్పలేదు. తప్పు పిల్లలది కాదు, చెప్పని మనది. ఈసారి ఏ సర్టిఫికెట్ మీదైనా ఆ పూర్ణఘటం కనిపిస్తే, పక్కనున్నవాళ్లకు ఆ పేరు చెప్పండి.

జై భీమ్.