ఎక్కింది 41, దిగింది 42

రాత్రి పదకొండు దాటింది. హాస్టల్ గదిలో ఫ్యాను గరగరమంటోంది. ఒళ్ళో దిండు, దిండు మీద ల్యాప్‌టాప్. అయినా తొడలకి సెగ తగులుతూనే ఉంది. తెర మీద నీ సినిమా. పద్నాలుగు నిమిషాల థ్రిల్లర్. రేపు సాయంత్రం నాలుగింటికి సెమినార్ హాల్లో ఆట. హాల్లో కుర్చీలు 180. అదే నాలుగింటికి గ్రౌండులో డీజే.

వేళ్ళ మీద లెక్కేస్తావు. మీ టీము ఆరుగురు. వాళ్ళ రూమ్మేట్లు. జాలిపడి వచ్చే మేడమ్ ఒకరు. ఎంత సాగదీసినా ఇరవై దాటదు.

కథ చిన్నది. కాలేజీ బస్సు. సాయంత్రం గేటు దగ్గర క్లీనర్ సీనన్న తలలు లెక్కపెడతాడు, 41. దారిలో బస్సు ఎక్కడా ఆగదు. దిగేటప్పుడు మళ్ళీ లెక్కపెడతాడు, 42. ఆరు ఆదివారాలు తీశారు, బస్సు ఖాళీగా దొరికేది ఆదివారాలే కాబట్టి. డీజిల్ మీ డబ్బుతో, డ్రైవరన్న టిఫిన్ మీ డబ్బుతో. క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా ‘ఫాలోయింగ్’ కూడా స్నేహితులకి తీరిక దొరికే శనివారాల్లో, దాదాపు ఏడాది పాటు తీశాడని చదివాక, ఎండలో ఆ బస్సు పైకెక్కి కెమెరా కట్టడం నీకు అంత కష్టమనిపించలేదు.

తలుపు ధడాల్న తెరుచుకుంటుంది. కెమెరా పట్టేవాడు. చేతిలో జిరాక్సు కాగితాల కట్ట, ఇంకా వెచ్చగానే ఉంది.

“మామా, చూడు.”

పైన పెద్దక్షరాల్లో, కనబడుట లేదు. కింద మీ హీరోయిన్ ఫొటో, ఐడీ కార్డు మీద ఉండేదే. వయసు, ఎత్తు, చివరిసారి కనిపించిన చోటు కాలేజీ బస్సు, అడుగున నీ ఫోన్ నంబరు. సినిమా అన్న మాట ఎక్కడా లేదు.

“సినిమా అని రాయలేదేంరా?”

“రాస్తే ఎవడు చూస్తడు? బ్లెయిర్ విచ్ వాళ్ళు గిట్లనే చేసిన్రు. ఎన్ని పైసలొచ్చినయో ఎరుకేనా?”

ఎరుకే. మీ క్లాసులో ఆ కథ తెలియనివాడు లేడు. ఫ్లోరిడాలో ఒకే యూనివర్సిటీలో సినిమా చదువుకున్న డేనియల్ మైరిక్, ఎడ్వర్డో సాంచెజ్ ముగ్గురు నటుల చేతికే కెమెరాలిచ్చి మేరీలాండ్ అడవిలోకి పంపారు. ఎనిమిది రోజుల్లో షూటింగు అయిపోయింది. 1999 జనవరిలో సన్‌డాన్స్ చిత్రోత్సవానికి వెళ్ళి, ఆ ముగ్గురూ అడవిలో తప్పిపోయారంటూ కాగితాలు పంచారు. అంతకుముందే ఒక వెబ్‌సైటు పెట్టారు. అప్పుడప్పుడే ఇంటర్నెట్ రుచి మరిగిన కుర్రాళ్ళు రాత్రంతా దాని ముందు కూర్చుని, నిజమే కాబోలు అనుకున్నారు. ప్రపంచమంతా కలిపి ఆ సినిమా వసూలు చేసింది దాదాపు 25 కోట్ల డాలర్లు.

నీకు ఖాళీ కుర్చీలు కనిపిస్తున్నాయి. ఇరవై మంది, 180 కుర్చీలు. నీ బుర్ర వద్దనేలోపే నోరు అడిగేస్తుంది.

“ఎన్ని తెచ్చినవ్?”

“యాభై.”

“పద.”

నోటీసు బోర్డు, క్యాంటీను గోడ, మెస్సు తలుపు, బస్సుల షెడ్డు, మెయిన్ గేటు. మైదా జిగురు మోచేతుల దాకా కారుతోంది. కుక్కొకటి మొరిగి ఊరుకుంటుంది. తిరిగొచ్చి చేతులు కూడా కడుక్కోకుండా మంచం మీద వాలతావు. సరదాగానే ఉంది. మనలో మాట, తప్పు చేసేటప్పుడు సరదాగానే ఉంటుంది.

ఒంటిగంటకి పది నిమిషాలు. ఫోన్ వణుకుతుంది. హాస్టల్ గ్రూపులో మీ పోస్టర్ ఫొటో. దాని పైన రెండు బాణాల గుర్తు, ఎన్నోసార్లు ఫార్వర్డ్ అయిందని. సీనియర్ల గ్రూపులో అదే. మీ వదిన పంపింది, అదే. “జాగ్రత్త, మీ కాలేజీయే కదా” అని.

ఫోన్ మళ్ళీ మోగుతుంది. తెలియని నంబరు.

“బాబూ, నిద్ర లేపిన్నా? దేవరకొండ కాడికెల్లి మాట్లాడుతున్న. అమ్మాయి వాళ్ళ నాయన్ని. మా బిడ్డ ఫోన్ కలుస్తలేదు. వాట్సాప్‌ల ఫొటో వచ్చింది. నా బిడ్డకేమైంది?”

నీ గొంతు ఎండిపోతుంది.

“అంకుల్, అది... సినిమా.”

“ఏం సినిమా?”

వెనకాల ఒక ఆడమనిషి ఏడుపు. బీరువా తలుపు చప్పుడు. ఆయన చొక్కా వేసుకుంటున్నాడు.

“బస్టాండుకి పోతున్న బాబూ. బిడ్డ ఏడున్నదో చెప్పు.”

“లైన్లో ఉండండి అంకుల్. పెట్టేయకండి.”

మెట్లు. చెప్పుల్లేవు. రెండేసి దిగుతావు. కంకర. పరుగు. ఆడపిల్లల హాస్టల్ మూడొందల గజాలు. గేటు మూసి ఉంది. వాచ్‌మన్ కుర్చీలో తల వాల్చాడు. ఊచలు పట్టుకుని ఊపుతావు. టార్చి కళ్ళలో కొడుతుంది. “ఎవడ్రా?” చెప్తావు. మాట తడబడుతుంది. మళ్ళీ చెప్తావు. వార్డెనమ్మ వస్తుంది. నీ ఫోన్ వంక చూస్తుంది. లోపలికి పోతుంది. ఒక కిటికీలో లైటు. ఇంకోటి. ఫోన్లో ఆయన ఊపిరి. మోటారు సైకిల్ కిక్కు కొడుతున్న చప్పుడు. స్టార్ట్ కాలేదు. మళ్ళీ కిక్కు.

ఆమె వస్తుంది. జుట్టు రేగిపోయి ఉంది. ఆమె ఫోన్ చార్జింగ్ అయిపోయి ఎప్పుడో ఆగిపోయింది. ఊచల సందులోంచి నీ ఫోన్ అందుకుంటుంది.

“నాన్నా.”

ఆ తర్వాత చాలాసేపు ఆమె మాట్లాడదు. వింటుంది. వింటూ నిన్నే చూస్తుంటుంది.

“నేను బానే ఉన్న నాన్నా. పండుకో. అమ్మకియ్యి ఫోను.”

చివరికి ఫోన్ తిరిగిస్తూ ఒకే మాట అంటుంది. “పొద్దున బస్సుకొస్తడట. కళ్ళతోని చూస్తేగాని నమ్మడట.”

బ్లెయిర్ విచ్ కథలో వసూళ్ళు అందరికీ నోటికొచ్చు, రెండో సగం ఎవరూ చెప్పరు. అందులో నటులు సొంత పేర్లతోనే నటించారు. హెదర్ డోనహ్యూ బతికే ఉన్నా, వాళ్ళమ్మకి సంతాపం తెలుపుతూ కార్డులొచ్చాయి. అప్పుడు ఆ పుకారు కాగితాల మీద, వెబ్‌సైటు మీద పాకింది. ఇప్పుడు గంటలో దేవరకొండ చేరింది.

రెండు గంటలవుతోంది. తడి జిగురు గోళ్ళలోకి ఎక్కుతుండగా పోస్టర్లు పీకుతారు. లెక్కపెడతారు. 49. మళ్ళీ లెక్కపెడతారు. 49. ఒకటి లేదు. సినిమా కోసం రాసుకున్న లెక్క నీ చేతిలో తప్పుతుంటే వెన్ను జలదరిస్తుంది. షెడ్డు వెనక, గేటు బయట, చెత్తకుండీలో. దొరకదు. ఫోన్లలోంచి ఎలాగూ పీకలేరు. ఆమే సెల్ఫీ వీడియో తీసి అన్ని గ్రూపులకీ పంపుతుంది. “నేను ఈడనే ఉన్న. అది సినిమా పోస్టర్. తప్పయింది.” ఆట ఎన్నింటికో చెప్పమని నీకు నోటిదాకా వస్తుంది. అడగవు.

ఇప్పుడు గోడలు ఖాళీ. పదమూడు గంటల టైముంది. ఆట రద్దు చేద్దామా? కెమెరావాడు తల ఎత్తడం లేదు. గేటు అవతల నుంచి ఆమే అంటుంది. “నా మొహం పెట్టకున్రి. మన కాలేజీల అందరు రోజు ముట్టుకునేది ఏంది?”

బస్సు సీటు.

తెల్లారి అయిదు. షెడ్డులో ఆరు బస్సులు, మంచుకి అద్దాలు మసకబారి ఉన్నాయి. డ్రైవరన్న బీడీ ముట్టిస్తూ ఒకటే అడుగుతాడు, గోకితే ఊడొస్తుందా అని. ఊడొస్తుందన్నా. తెల్ల కాగితం ముక్కల మీద స్కెచ్ పెన్నుతో అంకెలు. సీటు వెనక సీటుకి, 1 నుంచి 41 దాకా సెల్లోటేపుతో అంటిస్తారు. 42 సీటుకి కాదు. వెనకద్దానికి, లోపలివైపు. దాని కింద చిన్నక్షరాల్లో రెండు వరుసలు. మా సినిమా, సెమినార్ హాల్, సాయంత్రం 4. నాలుగు దాటితే తలుపు తీయం.

ఆ రెండో వరుస హిచ్‌కాక్ దగ్గర తెచ్చుకున్నది. 1960లో ‘సైకో’ మొదలయ్యాక ఎవర్నీ లోపలికి పంపొద్దని ఆయన థియేటర్లకి షరతు పెట్టాడు. జనం అంతకుముందు సినిమా మధ్యలో కూడా వచ్చి కూర్చునేవాళ్ళు. షరతు పెట్టాక వీధిలో వరుస కట్టారు. ఎవరికీ అబద్ధం చెప్పలేదు, ఎవరి తండ్రికీ నిద్ర చెడలేదు.

ఎనిమిదిన్నరకి గేటు దగ్గర నిలబడి చూస్తావు. మొదటి బస్సు ఆగుతుంది. దిగుతున్న ఫస్టియర్ అమ్మాయి వెనక్కి తిరిగి సీట్లు లెక్కపెడుతోంది. “నీది ఎంతే?” “17.” “42 ఏడుందే?” ఒకడు మళ్ళీ బస్సెక్కి వెనకద్దం ఫొటో తీస్తాడు. నీ కడుపులో ఏదో కదులుతుంది. ఆకలి కావచ్చు, రాత్రి నుంచి ఏమీ తినలేదు.

మేడమ్ కారిడార్లో ఆపుతారు. “రక్తం గిక్తం ఉందా? థియేటర్లో వేస్తే ఏ సర్టిఫికెట్ ఇస్తారు దీనికి?” 2024 నుంచి సెన్సార్ బోర్డు యూఏని 7, 13, 16 ఏళ్ళ వయసులుగా విడగొట్టి ఇస్తోంది. “పదమూడు ప్లస్ మేడమ్. రక్తం చుక్క లేదు.” ఆవిడ నమ్మినట్టు లేదు, పో అంటారు.

మధ్యాహ్నం హాల్లో ప్రొజెక్టర్ వేసి చూస్తే గుండె జారుతుంది. ల్యాప్‌టాప్‌లో అంత బాగున్న రాత్రి సీన్లు ఇక్కడ బురద. బస్సు లేదు, మొహాల్లేవు. కుర్రాళ్ళ థ్రిల్లర్లలో సగం ఈ చీకట్లోనే చస్తాయి. తీసినవాడికి కథ తెలుసు కాబట్టి కనిపిస్తుంది, చూసేవాడికి కనిపించదు. కిటికీలకి హాస్టల్ దుప్పట్లు కడతారు. నువ్వు నేల మీద కూర్చుని నీడల్ని కాస్త పైకి లేపుతావు.

చేయి పడింది కాబట్టి ఇంకోటి కూడా. మొదట్లో నలభై సెకన్లు ఆకాశంలోంచి కాలేజీ, మీద మీ పేర్లు. అద్దె డ్రోను, మూడువేలు. కెమెరావాడి ప్రాణం అది. వాడి వంక చూస్తావు. “తీసెయ్ మామా,” అంటాడు. ఇక సినిమా క్లీనర్ వేలితోనే మొదలవుతుంది. 39, 40, 41. తర్వాతి షాట్‌లో వెనక కిటికీ దగ్గర ఒక తల, హీరోయిన్ ఇంకా చూడలేదు, హాలు చూసేసింది. బల్ల కింద బాంబుందని జనానికి ముందే చెబితే మామూలు కబుర్లు కూడా ఊపిరి బిగబట్టి వింటారని హిచ్‌కాక్ చెప్పింది ఇదే. చెప్పకుండా పేలిస్తే ఒక్క ఉలికిపాటు, అంతే.

మూడూ యాభై. డీజే మొదలైంది. నేల అదురుతోంది. హాల్లో ముప్ఫైమంది.

మూడూ యాభై ఐదు. డెబ్భై. మెట్ల మీద చెప్పుల చప్పుడు.

మూడూ యాభై తొమ్మిది. నూటనలభై దాకా ఉంటారు. కారిడార్ చివర ఇంకా వస్తున్నారు.

“ఇంకో ఐదు నిమిషాలు ఆగుదాం మామా.”

తలుపు మీద నీ చెయ్యి.

నాలుగు.

గడియ వేస్తావు.

చీకటి. ఎవడో ఈల. ఎవడో పిల్లికూత. ముందు వరుసలో ఒక ఫోన్ వెలుగుతోంది. తెర మీద వేలు. 39. నవ్వులు, “మన సీనన్న రా!” అని కేక. 40. బయట డీజే ధన్ ధన్. 41. తలుపు మూసుకుంటుంది. గాలి బ్రేకు ఇస్స్‌మంటుంది. వెనక కిటికీ. తల.

ఫోన్ ఆరిపోతుంది.

ఎవరూ నవ్వరు. హీరోయిన్ చెవిలో పాట, చేతిలో చిప్స్ ప్యాకెట్. వెనక ఎవరో. ఆమె నవ్వుతోంది. వెనక ఎవరో. తిరుగు. తిరగదు. ఎవరో అమ్మాయి గట్టిగానే అంటుంది, “తిరగవే!” మూడో వరుసలో ఒకడు మెల్లగా తల తిప్పి హాలు వెనక్కి చూస్తాడు. పక్కవాడు కూడా. అక్కడ నువ్వే ఉన్నావు, గోడకానుకుని, రెండు పిడికిళ్ళూ బిగించి.

పద్నాలుగు నిమిషాలు.

లైట్లు. గడియ తీస్తావు. కారిడార్లో మెట్ల మీద ఇరవై మూడు మంది కూర్చుని ఉన్నారు. ఆ చివర, చంకలో సంచితో, రాత్రి ఫోన్లో వినిపించిన ఊపిరి తాలూకు మనిషి. పక్కన కూతురు.

“ఆలస్యమైంది బాబూ,” అంటాడాయన. “మళ్ళ ఆట ఎప్పుడు?”

“ఐదింటికి అంకుల్.”