లెక్క మారితే వాటా మారాలి

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017లో వచ్చింది. ప్రగతి పద్దులో దళితుల వాటా వారి జనాభా నిష్పత్తి ప్రకారం ఉండాలన్నది దాని సారం. ఒక ఏడాది ఖర్చు కాకుండా మిగిలిన వాటాను మరుసటి ఏడాది భర్తీ చేయాలనీ చెబుతుంది. అందుకే జనాభా లెక్క మాకు వట్టి అంకె కాదు, నిధులకు కొలమానం.

2011 జనగణనలో రాష్ట్రంలో ఎస్సీలు 15.45 శాతం. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి కులసర్వేలో 17.43 శాతం, అంటే 61.84 లక్షల మంది. తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కానీ ప్రతి వెయ్యి కోట్ల రూపాయల్లో అది దాదాపు 20 కోట్లు.

రాష్ట్రం మొత్తం శాతం ఒక్కటే తెలిస్తే చాలదు. సర్వేలో చదువు, ఉపాధి, భూమి, ఆదాయం గురించి కూడా అడిగారు. మేం కోరేది ఒకటే: వ్యక్తుల పేర్లు బయటపడకుండా ఆ వివరాలను మండలాల వారీగా వెల్లడించాలి. వాటి పక్కనే కేటాయింపు ఎంతో, ఖర్చు ఎంతో చూపాలి. అప్పుడే ఏ వాడకు ఏది ముందు అవసరమో తెలుస్తుంది. ఖర్చు లెక్కలను 2005 సమాచార హక్కు చట్టం కింద ఇప్పుడే అడగవచ్చు. మన మండలం నుంచే మొదలుపెడదాం.