పొగ సామాను ఎందుకు వచ్చింది, ఎందుకు పీకారు: పాత కార్ల చరిత్రలో ఒక అధ్యాయం

కాస్త పెద్ద పోస్టు, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మన కోయంబత్తూరు తెలుగువాళ్లకు మోటారు కొత్త కాదు. 1920లో జి.డి.నాయుడు గారు పొళ్ళాచ్చి, పళని ఊర్ల మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టారు. ఈనాటికీ షెడ్లు నడిపేవాళ్లు, తాతల నాటి కార్లు దాచుకున్నవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. ఈమధ్య మన కుర్రాళ్లు కూడా పాత ఎస్టీములు, జెన్‌లు, మారుతీ 800లు కొని బాగుచేసుకుంటున్నారు. సంతోషమే. కానీ బండి షెడ్డుకు రాగానే వినిపించే మొదటి మాట ఒకటుంది: "ఆ పొగ సామానంతా పీకెయ్ అన్నా, కోల్డ్ ఎయిర్ ఫిల్టర్ పెట్టు, పికప్ అదిరిపోతుంది."

ఈ ఒక్క మాటలో రెండు వేరు వేరు పనులున్నాయి. పొగను అదుపు చేసే భాగాలు తీసేయడం ఒకటి. ఇంజనుకు చల్లగాలి అందించడం ఇంకొకటి. చల్లగాలి మాటలో నిజం ఉంది. పీకేసే మాట మాత్రం యాభై ఏళ్ల కిందట అమెరికాలో, అక్కడి కార్ల మీద పుట్టిన కోపం. అది మన షెడ్డు దాకా ఎలా వచ్చిందో తెలిస్తే, ఏది ఉంచాలో ఏది మార్చాలో మనమే తేల్చుకోవచ్చు.

కథ లాస్ ఏంజెలెస్‌లో మొదలవుతుంది. 1943 జూలైలో ఆ ఊరిని ఒక రోజు కళ్లు మండించే పొగ కమ్మేసింది. యుద్ధకాలం కావడంతో, జపాన్ విషవాయువు వదిలిందేమోనని కొందరు భయపడ్డారు. తర్వాత కృత్రిమ రబ్బరు కోసం బ్యూటడైన్ తయారుచేసే ఫ్యాక్టరీ మీద అనుమానం పడింది. దాన్ని ఆపించినా పొగ ఆగలేదు.

అసలు సంగతి తేల్చింది కాల్‌టెక్‌లో పనిచేసే డచ్ దేశపు రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్‌స్మిట్. అంతకుముందు ఆయన పని అనాసపండుకు ఆ రుచీ వాసనా ఎక్కడినుంచి వస్తాయో కనిపెట్టడం. 1950 దశకం మొదట్లో ఆయన తేల్చిందేమిటంటే, పూర్తిగా కాలని పెట్రోలు ఆవిరి, ఇంజను వేడిలో పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు ఎండలో కలిసి ఓజోన్‌గా మారుతున్నాయి. కళ్ల మంట, పంటల నష్టం, రబ్బరు బీటలు వారడం, అన్నిటికీ మూలం ఇదే. అంటే ప్రధాన దోషి ఊళ్లో తిరిగే లక్షల కార్లు. కార్ల కంపెనీలు చాలాకాలం ఒప్పుకోలేదు. హాగెన్‌స్మిట్ మాత్రం 1968లో కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డుకు మొదటి అధ్యక్షుడయ్యారు.

అప్పటినుంచి ఒక్కొక్క భాగమే కారులోకి వచ్చింది. మన కుర్రాళ్లు "ఏదో సామాను" అనేవాటిని వరసగా చూద్దాం.

మొదటిది పీసీవీ వాల్వు. పిస్టన్ పక్కనుంచి కిందికి జారిన పొగ పాత కార్లలో ఒక గొట్టం గుండా నేరుగా రోడ్డు మీదికి పోయేది. కారు వదిలే హైడ్రోకార్బన్లలో దాదాపు ఐదో వంతు అక్కడినుంచే. 1961 మోడల్ నుంచి కాలిఫోర్నియాలో, 1963 నుంచి అమెరికా అంతటా ఆ పొగను తిరిగి ఇంజనులోకి పంపి కాల్చడం మొదలైంది. దీనివల్ల లోపలి తేమ, పెట్రోలు ఆవిరి కూడా బయటికి పోయి ఆయిలు త్వరగా పాడుకాదు. ఈ వాల్వు తీసేస్తే ఆయిలు జిగురు పట్టి నల్లబడుతుంది, సీళ్ల దగ్గర కారడం మొదలవుతుంది. దీన్ని పీకడం వల్ల ఏ లాభమూ లేదు.

రెండోది గాలి పంపు. 1966లో కాలిఫోర్నియా సైలెన్సర్ నుంచి వచ్చే పొగకు పరిమితి పెట్టింది. కాలకుండా బయటికొచ్చే పొగ మీదికి గాలి ఊది, అక్కడే మిగతాది కాల్చేయడం ఈ పంపు పని. బెల్టుతో తిరుగుతుంది కాబట్టి కాస్త శక్తి తీసుకుంటుంది, కానీ అది కొద్దిపాటిదే.

మూడోది బొగ్గు డబ్బా. ట్యాంకులోంచి, కార్బురేటర్‌లోంచి లేచే పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచి, ఇంజను తిరిగేటప్పుడు లోపలికి పంపుతుంది. 1970లో కాలిఫోర్నియాలో, 1971లో దేశమంతా వచ్చింది. దీని వల్ల పికప్ తగ్గదు, కాస్త పెట్రోలు మిగులుతుంది.

నాలుగోది ఈజీఆర్. 1973 ప్రాంతంలో విరివిగా వచ్చింది. కాలిపోయిన పొగలో కొంచెం తిరిగి సిలిండర్‌లోకి పంపుతుంది. ఆ పొగ మళ్లీ కాలదు, వేడిని మాత్రం తగ్గిస్తుంది. వేడి తగ్గితే నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువ పుడతాయి. మామూలుగా ఐడిల్‌లోనూ, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడూ ఈజీఆర్ మూసుకునే ఉంటుంది. కాబట్టి దాన్ని కట్టేస్తే పూర్తి శక్తి దగ్గర పెరిగేది ఏమీ లేదు. పైగా కంపెనీ ఇచ్చిన టైమింగ్ ఈజీఆర్ ఉంటుందన్న లెక్కతో పెట్టింది. దాన్ని మూస్తే మధ్య వేగంలో నాకింగ్ మొదలయ్యే ప్రమాదం ఉంది.

ఐదోది క్యాటలిటిక్ కన్వర్టర్. 1970 డిసెంబరు 31న అధ్యక్షుడు నిక్సన్ సంతకం చేసిన క్లీన్ ఎయిర్ చట్టం కార్బన్ మోనాక్సైడ్‌ను, హైడ్రోకార్బన్లను 1975 మోడల్ నాటికి 90 శాతం తగ్గించమంది. గడువులు కొంత జరిగినా, 1975 మోడళ్లలో ఎక్కువ వాటికి ప్లాటినం జాతి లోహాలు పూసిన ఈ డబ్బా వచ్చింది. దీనికి సీసం లేని పెట్రోలే పోయాలి. సీసం ఆ లోహాల మీద పేరుకుంటే కన్వర్టర్ చచ్చిపోతుంది. అందుకే సీసం ఉన్న పంపు ముక్కు దూరకుండా ట్యాంకు నోటిని సన్నగా చేశారు. సీసం పెట్రోలు చవకని ఆ నోటిని పెద్దది చేసుకున్నవాళ్లూ ఉన్నారు.

మరి అంత కోపం ఎందుకు వచ్చింది? 1971 నుంచి 1974 దాకా అమెరికా కార్లు నిజంగానే నీరసించాయి. కంపెనీలు కొత్త ఇంజన్లు చేయకుండా, పాత వాటికే అతుకులు వేశాయి. టైమింగ్ వెనక్కి తిప్పాయి, మిశ్రమాన్ని పలచన చేశాయి, తక్కువ ఆక్టేన్ పెట్రోలుకు సరిపోయేలా కంప్రెషన్ తగ్గించాయి. పొద్దున్నే స్టార్ట్ కాకపోవడం, తొక్కితే తడబడటం, పెట్రోలు తాగడం, అన్నీ అప్పుడు మొదలైనవే. దానికి తోడు 1973లో చమురు సంక్షోభం. యజమానికి బానెట్ కింద కనిపించింది రబ్బరు గొట్టాల చిక్కుముడి. తప్పంతా దానిదే అనుకున్నాడు.

ఇంకో మాయ కాగితం మీద జరిగింది. 1972 దాకా అమెరికాలో హార్స్‌పవర్‌ను ఫ్యాన్, సైలెన్సర్, ఎయిర్ క్లీనర్ లేని ఒట్టి ఇంజను మీద కొలిచి చెప్పేవారు. ఆ ఏడాది నుంచి కారులో ఉన్నది ఉన్నట్టుగా కొలవడం మొదలైంది. 1971 క్యాడిలాక్ ఎల్డొరాడో పెద్ద ఇంజనును పాత లెక్కలో 365 అన్నారు, కొత్త లెక్కలో 235. ఇంజను అదే. కొలత మారితేనే 130 గుర్రాలు పోయాయి. "పొగ సామాను శక్తినంతా మింగేసింది" అనే కథలో ఈ లెక్క వాటా చాలా ఉంది.

అందరూ ఎక్కువగా తిట్టింది కన్వర్టర్‌ను. మొదటి రోజుల్లో కొన్ని కంపెనీల గుళికల రకం కన్వర్టర్లు పొగకు అడ్డుపడ్డ మాట నిజమే. కానీ పొగను కన్వర్టర్ చూసుకుంటుంది కాబట్టి, ఇంజనీర్లు టైమింగ్‌ను మళ్లీ సరైన చోటికి తెచ్చుకోగలిగారు. 1975 కార్లు 1974 కార్లకన్నా మంచి మైలేజీ ఇచ్చాయి. ఇంజన్లకు ఊపిరి తిరిగి రావడానికి దారి చూపింది జనం పీకేసిన ఆ డబ్బాయే.

పీకడం మాత్రం ఆగలేదు. 1970 చట్టం కంపెనీలను, డీలర్లను మాత్రమే కట్టేసింది. 1977లో రిపేరు షెడ్లను కూడా చేర్చారు. 1990లో సొంత కారైనా సరే, ఎవరూ తీయకూడదన్నారు. కాలిఫోర్నియాలో మాత్రం 1975, అంతకుముందు మోడళ్లకు స్మాగ్ పరీక్ష నుంచి మినహాయింపు ఉంది. అక్కడ కోల్డ్ ఎయిర్ ఇంటేక్ నిషేధం కాదు. పరీక్షకు వెళ్లాల్సిన కార్లకు, పొగ పెరగదని వాయు బోర్డు చూసి నంబరు ఇచ్చిన కిట్టు వాడుకోవచ్చు. పీకడం వేరు, చల్లగాలి వేరు అని ఆ ప్రభుత్వమే చెప్పినట్టయింది.

ఇక మన దేశం. పెట్రోలు బండ్ల పొగకు మొదటి పూర్తిస్థాయి పరిమితులు 1991లో వచ్చాయి. 1995 ఏప్రిల్ నుంచి ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు నగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టర్, వాటికి సీసం లేని పెట్రోలు వచ్చాయి. 2000 ఫిబ్రవరికి దేశమంతటా సీసం పోయింది. ఆ మధ్య ఐదేళ్లలో మద్రాసు కారు కొని, సీసం లేని పెట్రోలు దొరకని ఊళ్లో తిప్పితే కన్వర్టర్ గతి ఏమిటో ఊహించుకోండి. అలా పాడైనది పొగకు అడ్డుపడితే "అది ఉంటే బండి లాగదు" అన్న మాట పుట్టడంలో ఆశ్చర్యం లేదు. మన అంబాసిడర్లు, పద్మినీల కాలం బళ్లలో అయితే పీకడానికి అసలు పెద్దగా ఏమీ లేదు.

ఇప్పుడు చల్లగాలి. చల్లటి గాలి బరువుగా ఉంటుంది, అదే చోటులో ఎక్కువ ఆక్సిజన్ పడుతుంది. 30 డిగ్రీల గాలి కన్నా 60 డిగ్రీల గాలి దాదాపు 9 శాతం పలచన. అచ్చం అంత కాకపోయినా శక్తి కూడా ఆ మేరకు తగ్గుతుంది. అమెరికా కంపెనీలకు ఇది ముందే తెలుసు. 1960 దశకం చివర్లోనే పాంటియాక్ రామ్ ఎయిర్ పేరుతో, షెవర్లే కౌల్ ఇండక్షన్ పేరుతో బయటి గాలిని కార్బురేటర్‌కు అందించాయి. అదే కాలంలో పొగ నియమాల కోసం ఎయిర్ క్లీనర్ మూతికి ఒక రేకు తలుపు కూడా వచ్చింది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు సైలెన్సర్ మానిఫోల్డ్ దగ్గరి వేడిగాలిని, వేడెక్కాక బయటి గాలిని పీల్చేలా అది తిరుగుతుంది. అది వేడి వైపే ఇరుక్కుపోతే ఎండాకాలంలో బండి లాగదు. చాలామంది పీకేసింది ఈ ఇరుక్కున్న తలుపునే. సరిచేస్తే చాలేది.

మన షెడ్లలో జరిగే పొరపాటు ఇంకొకటి. కంపెనీ డబ్బా తీసేసి, బానెట్ కింద ఒక కోను ఫిల్టర్ బిగిస్తారు. అది పీల్చేది రేడియేటర్ మీదుగా వచ్చిన వేడిగాలిని. గుర్రుమనే చప్పుడు పెరుగుతుంది, దాన్నే పికప్ అనుకుంటాం. నిజంగా చల్లగాలి కావాలంటే కంపెనీ డబ్బా ఉంచి, దాని గొట్టాన్ని గ్రిల్ వెనక గాలి తగిలే చోటికి తీసుకెళ్లి, వేడి తగలకుండా రేకు అడ్డుపెట్టాలి. చిరిగిన గొట్టాలు, మూసుకుపోయిన ఫిల్టర్ ముందు మార్చాలి. మరీ కిందికి, బంపర్ దగ్గరికి దించకూడదు. నిలిచిన వాన నీళ్లు ఇంజను మింగితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఈ సంగతి మన చెన్నై సభ్యులకు 2015 డిసెంబరు తర్వాత చెప్పక్కర్లేదు.

చట్టం సంగతి కూడా రెండు ముక్కల్లో. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చనివ్వదు. 2019 సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. 2021 వింటేజ్ నియమాలు 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్లకే ఆ గుర్తింపు ఇస్తాయి. ఇవాళ్టి జెన్ రేపటి వింటేజ్. పీయూసీ పాసైతే చాలనుకోకండి. పెట్రోలు కార్లకు ఆ పరీక్ష నైట్రోజన్ ఆక్సైడ్లను చూడనే చూడదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యం మన షెడ్డు పిల్లల ఊపిరి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. కన్వర్టర్ లేని బండిని షట్టరు సగం దించిన షెడ్డులో ట్యూన్ చేసేటప్పుడు దాన్ని పీల్చేది కారు యజమాని కాదు, పక్కన స్పానర్ పట్టుకుని నిలబడ్డ పదహారేళ్ల కుర్రాడు.

కాబట్టి పాత బండి ఉన్నవాళ్లకు నా విన్నపం. ముందు వాక్యూం గొట్టాలన్నీ మార్చండి, ఈజీఆర్ శుభ్రం చేయించండి, పీసీవీ కొత్తది వేయించండి, టైమింగ్ చూపించండి. మూసుకుపోయిన కన్వర్టర్ ఉంటే తీసి పారేయకుండా మంచిది వేయించండి. ఆ తర్వాత గాలి గొట్టం సంగతి చూడండి. ఇదివరకే పీకినవాళ్లు ఆ భాగాలు తుక్కు కొట్టుకు వేయకుండా పేరు రాసి దాచండి, తిరిగి బిగించే రోజు వస్తుంది. మీ దగ్గర పాత కంపెనీ సర్వీసు పుస్తకాలు ఉంటే కామెంట్లలో చెప్పండి. మన షెడ్డు మేస్త్రీలకు అవి చాలా పనికొస్తాయి.