బ్యాంకాక్‌లో పలకరింపైన మన స్వస్తి

జహీరాబాద్ దాటి 65వ నంబరు జాతీయ రహదారి మీద హుమ్నాబాద్ వైపు వెళ్తుంటే చిరాగ్‌పల్లి దగ్గర తెలంగాణ సరిహద్దు అయిపోతుంది. అవతల బీదర్ జిల్లా. 1956 నవంబరు 1 దాకా ఇటూ అటూ హైదరాబాద్ రాష్ట్రమే. ఊరి పేరులోనే రెండు భాషలున్నాయి: దీపానికి ఫారసీ మాట చిరాగ్, పక్కన మన పల్లి. ఇలాంటి నేల మీద నమస్తే, నమస్కార, సలాం మూడూ ఇంటి మాటలే.

ఈ రహదారి తూర్పున మచిలీపట్నం దాకా పోతుంది. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి అదే పెద్ద రేవు. అక్కడ సరుకెత్తుకున్న ఓడలు బంగాళాఖాతం దాటి మెర్గీ చేరేవి. అక్కణ్నుంచి అడవి దారుల్లో సయాం, అంటే నేటి థాయిలాండ్, రాజధాని అయుత్థయకు ప్రయాణం. సయాం దర్బారు కోరిన నమూనాల ప్రకారం మన తీరంలో అద్దకం బట్టలు తయారయ్యేవి. థాయ్‌లో వాటి పేరు ‘ఫా లాయ్ యాంగ్’.

మాటలు మాత్రం బట్టల కన్నా చాలా ముందే వెళ్లాయి. బౌద్ధంతో పాళీ, ఖ్మేర్ రాజ్యాల మీదుగా సంస్కృతం థాయ్ భాషలో ఇంకిపోయాయి.

అయినా ఇవాళ ప్రతి థాయ్ నోటా వినిపించే ‘సవత్‌దీ’ వయసు నూరేళ్లు లేదు. చులాలాంగ్‌కార్న్ విశ్వవిద్యాలయంలో భాష బోధించిన ఫ్రాయా ఉపాకిత్ సిల్పసాన్ 1930లలో ‘స్వస్తి’ నుంచి దాన్ని తీర్చాడు. 1943 జనవరిలో ప్రధాని ఫిబున్ ప్రభుత్వం దాన్ని అధికారిక పలకరింపు చేసింది. అంతకుముందు అక్కడి జనం ఏమనేవారు? ‘పై నై’, అంటే ఎక్కడికి? ‘కిన్ ఖావ్ రూ యాంగ్’, అన్నం తిన్నావా? జహీరాబాద్ పల్లెల్లో ‘యాడికి పోతున్నవ్, తిన్నవా’ అన్నట్టే. ఈ మాటలు ఇప్పటికీ అక్కడ బతికే ఉన్నాయి.

మన శాసనాలు ఎన్నో ‘స్వస్తి శ్రీ’తో మొదలవుతాయి. నేటి వాడుకలో మాత్రం స్వస్తి పలకడమంటే మానేయడం. థాయ్‌లో కలిసినప్పుడూ సవత్‌దీ, సెలవు తీసుకునేటప్పుడూ సవత్‌దీ. ఒక్క మాటకు ఆదినీ అంతాన్నీ అప్పజెప్పిన ఆ భాష మీద ప్రేమ కలగకుండా ఉండదు.

కృతజ్ఞత చెప్పే ‘ఖొప్ ఖున్’లో చివరి మాట మన గుణమే. క్షమాపణ ‘ఖో థోత్’లో థోత్ అంటే దోషం, ఖో అంటే కోరడం. ఎదుటివారు క్షమాపణ అడిగితే ‘మై పెన్ రై’ అంటారు. మన ‘ఫర్వాలేదు’ లాంటిదే. అదీ ఫారసీ ‘పర్వా’కు తెలుగు ‘లేదు’ తగిలించుకున్న మాట, అచ్చం చిరాగ్‌పల్లిలాగే.

అసలు మర్యాద వాక్యం చివర ఉంటుంది. మగవాళ్లు ‘ఖ్రాప్’, ఆడవాళ్లు ‘ఖా’ చేర్చాలి. తెలుగులో ‘అండీ’కి దగ్గరిది. తేడా ఏమిటంటే, అండీ అనేటప్పుడు పలికేవారు ఆడా మగా అని చూడం. థాయ్‌లో స్వరాలు ఐదు. ఆడవాళ్ల ‘ఖా’ జవాబులో కిందికి దిగుతుంది, ప్రశ్నలో పైస్థాయిలో పలుకుతుంది. పుస్తకం చూసి పట్టుబడేది కాదు, విని నేర్చుకోవాలి.

బ్యాంకాక్ విమానం ఎక్కబోయే తెలుగువారు పది వాక్యాలు బట్టీ పట్టకపోయినా సరే. సవత్‌దీ, ఖొప్ ఖున్, ఖో థోత్ నేర్చుకోండి. చివర ఖ్రాప్, ఖా మాత్రం మరవకండి.